పుంగనూరు ఆవు: పొట్టిదా, పసిదా?

ప్రశ్న: మా ఊరి పేరు చెప్పి ఎక్కడెక్కడో దూడలు అమ్ముతున్నారు. కొనేవాళ్లు మోసపోకుండా ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, పుంగనూరు

జవాబు: ముందు పళ్లు చూడాలి. మోసమంతా వయసు దగ్గరే. ఏ జాతి దూడైనా పసితనంలో పొట్టిగానే ఉంటుంది. కింది దవడ ముందున్న ఎనిమిదీ పాలపళ్లే అయితే అది ఇంకా ఎంత ఎత్తు పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు. రెండేళ్లు దాటాక నడిమి జత ఊడి వెడల్పాటి పళ్లొస్తాయి. నాలుగు జతలూ మారేసరికి నాలుగేళ్లు దాటుతుంది. కనీసం నాలుగు వెడల్పాటి పళ్లు వేసిన పశువు ఎత్తునే నమ్మండి.

కొలిచేటప్పుడు చదునైన నేల మీద సమంగా నిలబెట్టి, మూపురం వెనక నుంచి నేల దాకా నిటారుగా కర్ర పెట్టి చూడాలి. టేపు ఒంటిమీదుగా జారిస్తే పొట్ట వంపు కలిసి లెక్క తప్పుతుంది. ఎదిగిన పుంగనూరు ఆవు 70–90 సెంటీమీటర్లు, 115–200 కిలోలు ఉంటుంది. నుదురు వెడల్పు, కొమ్ములు పొట్టివి, వీపు వెనక్కి కాస్త వాలుగా ఉంటుంది, తోక కుచ్చు దాదాపు నేలను తాకుతుంది.

పాలు చాలక, నట్టలు (కడుపులో పురుగులు) పట్టి గిడసబారిన దూడ కూడా పొట్టిగానే కనిపిస్తుంది. తల పెద్దదిగా, పొట్ట జారి, వెంట్రుకలు గరుకుగా ఉంటే అనుమానించండి. దూడే కావాలంటే తల్లినీ ఆబోతునీ కళ్లారా చూశాకే బేరం. రెండడుగుల ‘మినియేచర్’ ఆవులు పొట్టితనం కోసమే ఎంపిక చేసి పెంచినవి. వాటినీ మీ ఊరి జాతినీ ఒకటే అనుకోవడం ఈ జాతికి అన్యాయం.

ప్రశ్న: పుంగనూరు ఆవుకు రోజుకు 5 కిలోల మేత చాలంటున్నారు, నిజమేనా? అన్నం, రొట్టెలు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: 5 కిలోలు పచ్చిగడ్డో ఎండుగడ్డో చెప్పని లెక్క పనికిరాదు. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతు నీరే. 150 కిలోల ఆవుకు ఎండుగడ్డి 2.5 కిలోలు, పచ్చిగడ్డి 6 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 25–30 గ్రాములు వేయండి. పాలిస్తుంటే లీటరుకు అర కిలో దాణా అదనం.

అన్నం, రొట్టెలు, పరమాన్నం వద్దు. ముద్దుగా ఉందని వచ్చినవాళ్లంతా తలా ఒక ముద్ద పెడితే అది కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది. నెమరు ఆగుతుంది, పేడ పల్చబడి పుల్లటి వాసన వస్తుంది, ప్రాణం మీదికే రావచ్చు. నెమరు ఆగితే వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. ఇంట్లో పెంచుతుంటే, టైల్స్ నేల మీద కాళ్లు జారతాయి కాబట్టి రబ్బరు చాప తప్పనిసరి.

ప్రశ్న: మా పుంగనూరు ఆవు ఎదకొచ్చింది. దొరికిన సెమెన్ (ఆబోతు వీర్యం) వేయించవచ్చా?
– ఒక రైతు, మదనపల్లె

జవాబు: వద్దు. పెద్ద జాతిదైతే దూడ పెద్దదై ఈనేటప్పుడు ఇరుక్కుంటుంది, జాతీ కలుషితమవుతుంది. ఈ జాతిని కాపాడుతున్న పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు సెమెన్ గురించి ముందుగానే విచారించి పెట్టుకోండి. పొద్దున ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి.