అమ్మాయి పెళ్లి డబ్బును రక్షణ రంగ షేర్లలో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ పొందాను. వచ్చిన డబ్బులో 12 లక్షలు అమ్మాయి పెళ్లికని పక్కన పెట్టాను. రెండేళ్లలో పెళ్లి చేయాలి. సైన్యానికి కావాల్సినవన్నీ మన ప్రైవేటు కంపెనీలతోనే చేయిస్తున్నారని, ఆ షేర్లు కొంటే డబ్బు రెట్టింపవుతుందని మా తమ్ముడు అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ఆ 12 లక్షల్లో ఒక్క రూపాయి కూడా వీటిలో పెట్టకండి. దేశీయ తయారీ మీద నమ్మకం లేక చెబుతున్న మాట కాదిది. 2001లో ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించారు. 2020 నుంచి దిగుమతి చేసుకోకూడని ఆయుధాల, పరికరాల జాబితాలు ప్రకటిస్తున్నారు. మన పాత నల్లగొండ జిల్లాలోని పెద్దకందుకూరులో క్షిపణులకు ఘన ఇంధనం తయారవుతోంది. ఇలాంటి పని ఇంకా పెరగాలని మనసారా కోరుకునేవాణ్ని నేను. అయినా 2024-25లో దేశంలో జరిగిన సుమారు 1.5 లక్షల కోట్ల రక్షణ ఉత్పత్తిలో ప్రైవేటు కంపెనీల వాటా 23 శాతమే. మిగిలినదంతా ప్రభుత్వ సంస్థలదే.

అసలు చిక్కు సమయంతో వస్తుంది. ఫలానా కొనుగోలుకు డీఏసీ (రక్షణ శాఖలో కొనుగోళ్లను ఆమోదించే మండలి) ఆమోదం తెలిపిందని వార్త రాగానే షేరు ఎగురుతుంది. ఆ ఆమోదం వస్తువు అవసరమేనని ఒప్పుకోవడం మాత్రమే. ఆ తర్వాత టెండరు పిలవాలి, ఎడారిలోనూ మంచుకొండల్లోనూ పరీక్షించాలి, ధర మీద బేరం తెగాలి, అప్పుడు గాని ఒప్పందం మీద సంతకాలు పడవు. దీనికి ఏళ్లు పడుతుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారని విన్న రోజే ధాన్యం పైసలు లెక్కపెట్టుకునే రైతు మీ ఊళ్లో ఉండడు కదా!

ఒప్పందం కుదిరిన కంపెనీనే తీసుకుందాం. చేతిలో 900 కోట్ల ఆర్డర్లు, ఏటా 150 కోట్ల అమ్మకాలు ఉన్నాయనుకోండి. అదే వేగంతో వెళితే ఆ పని పూర్తి కావడానికి ఆరేళ్లు కావాలి. కొనేది దాదాపు ప్రభుత్వం ఒక్కటే కాబట్టి బిల్లు ఆలస్యమైతే కంపెనీ అప్పు తెచ్చి జీతాలివ్వాలి. అందుకే వార్షిక నివేదికలో లాభం కంటే ముందు రావాల్సిన బాకీలను, వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదును చూస్తాను. 2024 జులైలో ఆకాశాన్నంటిన ఈ షేర్లలో చాలా వాటి ధర 2025 ఫిబ్రవరి నాటికి బాగా పడిపోయింది. ప్రభుత్వ విధానం మాత్రం మారలేదు. అలాంటి నెలలోనే ముహూర్తం కుదిరితే నష్టానికి అమ్ముకోక తప్పదు.

కాబట్టి మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది గనుక ఇలా విడదీయమంటున్నాను. బంగారానికి, ఫంక్షన్ హాలు అడ్వాన్సుకు ముందే డబ్బు కావాలి కాబట్టి ఒక డిపాజిట్‌ను ఏడాదికి, మిగతా రెండింటిని పెళ్లికి రెండు నెలల ముందు చేతికొచ్చేలా వేయండి. ఈ రంగంలో పెట్టాలన్న కోరిక అలాగే ఉంటే, ఏడేళ్ల వరకు అవసరం పడని సొమ్ములోంచి, మీ పెన్షన్‌లో నెలకు రెండు వేలకు మించకుండా మొదలుపెట్టండి.