ఎల్‌ఈడీ వేసినా వీధి చీకటే, వెలుగంతా పడగ్గదిలోకి: సమాధానం

కొత్త ఎల్‌ఈడీ వీధిదీపం వేసినా వీధి చీకటిగానే ఉందని, వెలుగు పడగ్గదిలో పడుతోందని అడిగారు. మీ గుంటూరు బ్రాడీపేట వీధిలో తప్పు వాట్లది కాకపోవచ్చండీ, దీపం వంపుది. స్తంభం నుంచి బయటికి చాచిన పాత సోడియం దీపపు ఇనుప చేతికే ఎల్‌ఈడీ బిగిస్తే, ఆ చేయి పైకి లేచి ఉన్నచోట వెలుగు కిటికీల్లోకి పోతుంది. వాట్లు పెంచమని మాత్రం అడగకండి, కళ్లకు ఇంకా గుచ్చుకుంటుంది.

1. రాత్రి స్తంభం కింద నిలబడి చూడండి. దీపం అద్దం దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. వేపకొమ్మ అడ్డముంటే అదీ కొట్టించాలి.

2. చాలామంది తప్పేది ఇక్కడే. "లైటు సరిగా లేదు" అని రాస్తే, వచ్చినతను వెలుగుతోందని చూసి ఫిర్యాదు మూసేస్తాడు. "వెలుగుతోంది, కోణం తప్పు, కిందికి వంచండి" అని రాసి, స్తంభం నంబరు, రాత్రి తీసిన ఫోటో జతచేసి వార్డు సచివాలయంలో ఇవ్వండి.

3. అప్పటికీ గదిలో పడుతుంటే దీపానికి ఇంటివైపు వెలుగును ఆపే రేకు మరుగు బిగించమని అడగండి.