కోయడమా? ఖండించడమా? తరగడమా?

సందేహం: మాది ఒక ఆసుపత్రిలోని హిస్టోపాథాలజీ ల్యాబు, అంటే కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి జబ్బును గుర్తించే చోటు. కొత్తగా చేరే టెక్నీషియన్ల కోసం పని పద్ధతిని తెలుగులో రాసి గోడకు అంటిద్దామనుకున్నాం. మైనంలో అమర్చిన కణజాలాన్ని మైక్రోటోమ్ అనే యంత్రం మీద 3, 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో పొరలుగా తీసే పనిని ఏమనాలి? నేను 'కోయడం' అని రాశాను. మా సీనియర్ గారు 'ఖండించడం' అన్నారు. డిప్లొమా విద్యార్థి ఒకరు 'ఛేదించడం' అని రాసి, మైక్రోటోమ్‌కు 'సూక్ష్మఛేదని' అని పేరు పెట్టారు. పాత యంత్రం స్థానంలో కొత్తది కొనమని అర్జీ కూడా పెడుతున్నాం. అందులో 'కత్తి' అనాలా, 'బ్లేడు' అనాలా? 'మైనం' అంటే తేనెపట్టు మైనం అనుకోరు కదా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: ఒక్క ఉత్తరంలో ఇన్ని సందేహాలు! చివరివాటికి తలా రెండు ముక్కలు చాలు. మొదటిదాన్ని మాత్రం తీరిగ్గా చూడాలి. ఇలాంటి ఉత్తరం ఎప్పుడు వస్తుందా అని కాచుకుని ఉన్నవాణ్ని.

ముందు మీ సీనియర్ గారి 'ఖండించడం'. వ్యుత్పత్తిని బట్టి తప్పు పట్టడానికి లేదు. ఖండం అంటే ముక్క, ఖండించడం అంటే ముక్కలు చేయడం. కానీ ఆ మాటను రాజకీయ నాయకులూ, వారి ప్రకటనలను మక్కికి మక్కి దించే పత్రికలూ ఎప్పుడో స్వాధీనం చేసుకున్నారు. ఇప్పుడు ఖండనకు గురయ్యేవి ఆరోపణలు, దాడులు, వ్యాఖ్యలు. అదీ 'తీవ్రంగా'. తీవ్రత లేని ఖండనను నేను పత్రికల్లో చూసి చాలా ఏళ్లయింది. 'కణజాలాన్ని ఖండించండి' అని మీరు గోడ మీద రాస్తే, కొత్తగా చేరిన అమ్మాయి అది చేసిన నేరమేమిటని అడిగినా అడుగుతుంది.

'ఛేదించడం' పరిస్థితి ఇంకా దయనీయం. ఛేదించడం అంటే తెగగొట్టడం. భేదించడం అంటే చీల్చడం, బద్దలు కొట్టడం. ఈ రెండింటినీ కలగలిపి, పోలీసులు కేసును ఛేదించారని రాస్తున్నారు. గుట్టును రట్టు చేస్తాం, చిక్కుముడిని విప్పుతాం. కేసును ఏ గొడ్డలితో ఛేదించారో రాసేవారికే తెలియాలి. క్రికెట్ వార్తల్లోనైతే 'లక్ష్య ఛేదన' నిత్యకృత్యం. గురిచూసి బాణం వదిలి లక్ష్యాన్ని ఛేదించడం అర్థమున్న మాట. పరుగు పరుగునా కూడబెట్టుకుని చేరుకునేదాన్ని ఛేదించడమేమిటి? 'చేరుకున్నారు' అంటే క్రికెట్ స్థాయి తగ్గిపోతుందా?

ఇక మీ 'కోయడం'. అందులో దోషం లేదు, కాకపోతే మోస్తున్న బరువు ఎక్కువ. పంటకోత, కరెంటు కోత, జీతంలో కోత, కడుపుకోత అన్నీ దాని భుజాల మీదే ఉన్నాయి. పైగా కోతలు కోయడం అంటే గొప్పలు చెప్పుకోవడం. 'ఈ రోజు ఎన్ని కోతలు కోశావు?' అని మీరు అడిగితే, సహోద్యోగి నొచ్చుకోవచ్చు. ఆసుపత్రిలో ఈ మాటకు ఇంకో చిక్కు కూడా ఉంది. వరండాలో కూర్చున్న రోగి బంధువులకు 'కోత' అంటే ఆపరేషన్ బల్లే గుర్తొస్తుంది.

నా ఓటు 'తరగడానికి'. కారణం వ్యాకరణం కాదు, పని తీరు.

ఒక ల్యాబులో ఈ పని జరుగుతుండగా పక్కన నిలబడి చూశాను. ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన కణజాలం రాత్రంతా ప్రాసెసర్ అనే యంత్రంలో ఆల్కహాలు, జైలీన్, కరిగిన మైనం దాటుకుని వస్తుంది. పొద్దున్నే దాన్ని అచ్చులో పెట్టి మైనం పోసి దిమ్మ కడతారు. ఆ దిమ్మలను మంచు మీద వరుసగా పేర్చుకుని కూర్చుంది ఆ టెక్నీషియన్. ఒకటి తీసి యంత్రానికి బిగించింది. కుడిచేత్తో చక్రం తిప్పుతోంది, ఎడమచేతిలో చిన్న కుంచె. మధ్యలో ఒకసారి దిమ్మ దగ్గరకు మొహం పెట్టి మెల్లగా ఊపిరి వదిలింది. ఆ కాస్త వెచ్చదనానికి, తడికి పొర నలగకుండా వస్తుందట. ఒకదాని అంచు ఒకటి పట్టుకుని పొరలు పట్టీలా సాగాయి. కుంచెతో ఆ పట్టీని లేపి గోరువెచ్చని నీటి తొట్టిలో వదిలింది. ముడతలు విప్పుకుని అది నీటిమీద పరుచుకోగానే, గాజుపలకను కిందినుంచి పెట్టి పైకెత్తింది. చక్రానికి తాళం వేసి, బ్లేడుకు తొడుగు కప్పిన తర్వాతే దిమ్మ మీద మళ్లీ చెయ్యి వేసింది.

నేను కళ్లార్పకుండా చూసింది మాత్రం బ్లేడును. అది కదలలేదు. దిమ్మే కిందికి దిగి, బ్లేడు అంచుకు తగిలి, ఒక పొరను వదిలేసి, పైకి వెళ్లి, మనం పెట్టిన కొలత మేరకు ముందుకు జరిగి, మళ్లీ దిగుతోంది. మన వంటింటి కత్తిపీట పద్ధతి కూడా ఇదే కదా! కత్తి పీటను అంటిపెట్టుకుని ఉంటుంది, వంకాయే దాని మీదికి వస్తుంది. కొడవలి పట్టి పంట కోస్తాం, అక్కడ కదిలేది కొడవలి. కత్తిపీట మీద కూర తరుగుతాం, అక్కడ కదిలేది కూర. 1885లో కేంబ్రిడ్జిలో, చార్లెస్ డార్విన్ కుమారుడు హొరేస్ డార్విన్ రూపొందించిన ఊగే మైక్రోటోమ్‌లోనూ కత్తి నిశ్చలం, ఊగేది దిమ్మ. నేటి రోటరీ యంత్రాలదీ అదే ధర్మం. కత్తే జారుతూ వచ్చే స్లైడింగ్ రకం యంత్రాలు వేరే ఉన్నాయి. వాటికి మీరు 'కోయడం' అన్నా నేను పేచీ పెట్టను.

చేత్తో కత్తి పట్టుకుని చెక్క మీద ఉల్లిపాయలు 'తరిగేవారు' లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. కత్తిపీట అటకెక్కాక మాట మాత్రం వంటింట్లోనే మిగిలింది. కాబట్టి నేను చెప్పిన తేడా ఇనుప గీత కాదు. కానీ ఒకే మందంలో, వరుసగా, పలుచగా అన్న భావం 'తరగడం'లో ఉన్నంతగా ఇంకో క్రియలో లేదు. కట్టెలు నరుకుతాం, చెరకు చీలుస్తాం, తొక్క చెక్కుతాం, కొబ్బరి తురుముతాం, జుట్టు కత్తిరిస్తాం, పువ్వు తుంచుతాం. ఇన్ని క్రియలు ఉన్న భాషలో అన్నింటికీ 'కట్ చేయడం' అనేవారిని చూస్తే నాకు కోపం కంటే జాలే ఎక్కువ.

కోసే అర్థంలోని ఈ మాటకు పాత నిఘంటువుల్లో బండి ఱ ఉంటుంది: తఱుగు. తమిళంలో 'తఱి' అంటే నరకడం. అదే రూపానికి అక్కడ మగ్గం అన్న అర్థమూ ఉంది. చేనేతకు వాళ్లు 'కైత్తఱి' అంటారు. విచిత్రమేమిటంటే కణజాలాల శాస్త్రమైన హిస్టాలజీ పేరులోని గ్రీకు 'హిస్టోస్'కు కూడా మగ్గం, నేత అనే అర్థాలు. తమిళానికీ గ్రీకుకూ ఇక్కడ చుట్టరికం అంటగట్టకండి, ఇది కాకతాళీయం. ఇలాంటివి కనిపించగానే భాషలకు పెళ్లిళ్లు చేసేవారు మనలో ఎక్కువ కనుక ముందే చెబుతున్నాను.

తెలుగులో తరుగుకు ఇంకో ముఖముంది, తగ్గడం. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి. తగ్గే తరుగూ కోసే తరుగూ ఒకే ధాతువా, కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చిన రెండు మాటలా అన్న వాదానికి ఈ పేజీ చాలదు. నా మనసు ఒకటే అన్నవైపు మొగ్గుతుంది. కోసిన కొద్దీ తగ్గనిది ఏముంది? కానీ మనసు మొగ్గడం నిరూపణ కాదు.

నామవాచకంగా ఈ మాట చేసే గారడీ చూడండి. వంటల పుస్తకంలో 'ఉల్లి తరుగు అర కప్పు' అంటే మనం ఉంచుకునేది. బంగారం దుకాణంలో 'తరుగు' అంటే మనం పోగొట్టుకునేది. మజూరీ ఒక లెక్క, తరుగు ఒక లెక్క, చివరికి బిల్లు చూసి గుడ్లు తేలేయడం మన లెక్క. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ, తాలు పేరు చెప్పి బస్తాకు ఇంత అని 'తరుగు' తీస్తే రైతు రోడ్డెక్కుతాడు. అకౌంట్ల పుస్తకంలో యంత్రాల విలువ ఏటేటా తగ్గడాన్ని 'తరుగుదల' అంటారు. మీ పాత మైక్రోటోమ్ ఇన్నేళ్లుగా ల్యాబులో తరుగుతూ, స్టాకు రిజిస్టరులో తరుగుతూ వచ్చిందన్నమాట. అర్జీలో ఈ వాక్యం వాడుకోవచ్చు. మంజూరు చేసే అధికారికి చదువు మీద అభిమానం ఉంటే పనిచేస్తుంది.

ఈ రెండు తరుగులూ మీ బల్ల మీద కలుసుకుంటాయి. దిమ్మను బిగించగానే అసలు పొరలు రావు. ముందు 10, 20 మైక్రాన్ల చొప్పున పైపై మైనాన్ని తీసేసి, కణజాలం ముఖం పూర్తిగా కనబడేదాకా వెళతారు. ట్రిమ్మింగ్ అని మీరు అనే ఈ పనిలో చెత్తబుట్టకు పోయేది కంసాలి తరుగు. ఆ తర్వాత గాజుపలక ఎక్కేది వంటింటి తరుగు. మిల్లీమీటరు మందమున్న ముక్కను 4 మైక్రాన్ల చొప్పున తరిగితే, కాగితం మీద లెక్క ప్రకారం 250 పొరలు రావాలి. సూదితో తీసిన బయాప్సీ ముక్క చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అలాంటిదాన్ని తొందరలో నాలుగు చుట్లు ఎక్కువ తిప్పితే, జబ్బు ఆనవాలు ఉన్న భాగమే మైనపు పొట్టుతో పోవచ్చు. రోగి శరీరంలోకి మళ్లీ సూది దించాల్సి రావచ్చు. అందుకని మీ కాగితంలో ట్రిమ్మింగ్ దగ్గర 'తరుగు తక్కువ పోనివ్వండి' అని రాయండి. ఇంట్లో బంగారం చేయించిన వారెవరికైనా ఆ వాక్యం వెంటనే ఎక్కుతుంది.

క్రియ విషయంలో కాబట్టి నా మాట 'తరగండి'. వచ్చిన పొరను ఏమనాలన్న దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్పలేను. 'తరుగు' అంటే పైన చెప్పిన గందరగోళం. 'పొర' బాగుంది కానీ, చర్మానికీ పేగుకూ సహజంగానే పొరలున్నాయి. 'ఈ పొరలో పై పొర ఊడింది' అని రాస్తే చదివినవారు తికమకపడతారు. 'రేకు' అందామా అనిపిస్తుంది. పువ్వు రేకూ ఉంది, తగరపు రేకూ ఉంది, పలుచదనం రెండింటిలోనూ ఉంది. కొన్నాళ్లు వాడి చూడండి. నోటికి పట్టకపోతే 'సెక్షన్' ఎలాగూ ఉంది. లాటిన్‌లో దానికీ కోయడమే మూలం. కార్యాలయంలో సెక్షన్, చట్టంలో సెక్షన్ చెల్లినప్పుడు ల్యాబులో చెల్లకపోవడానికి కారణం కనబడదు.

కత్తి, బ్లేడుల సంగతి. రెండూ ఉంచుకోండి, అవి రెండు వస్తువులు. సాన పట్టి, తోలు మీద రుద్ది, ఏళ్ల తరబడి వాడే బరువైన ఉక్కుది కత్తి. మొద్దుబారగానే తీసేసే పలుచనిది బ్లేడు. మీ అర్జీలో అడిగేది రెండోదే అయితే 'బ్లేడు' అనే రాయండి. అయితే మీరు జతచేసిన నమూనా కాగితంలో 'వాడి బ్లేడునే బిగించాలి' అని ఒక వాక్యముంది. దాన్ని కొట్టేయండి. వాడి గల బ్లేడా, వాడేసిన బ్లేడా, పక్క బల్ల మీద ఉన్న వాడి బ్లేడా? అంచులో చిన్న గంటు ఉన్నా పొర నిలువునా గీత పడుతుందని మీకు నేను చెప్పాలా? 'పదునైన కొత్త బ్లేడు' అనండి. చేత్తో తిప్పే యంత్రమా, మోటారుదా అన్నది నా పరిధి కాదు. మోటారుదైతే మణికట్టు బతుకుతుందనీ, చిన్న ముక్కలకు మాత్రం తన చేతినే నమ్ముతాననీ నేను చూసిన ఆ టెక్నీషియన్ అంది.

మైనం గురించి భయం వద్దు. సంస్కృత 'మదన' ప్రాకృతంలో 'మయణ' అయి మనకు మైనంగా చేరింది. అవును, మన్మథుడి పేరే. మొదట తేనెపట్టుదే అయినా, కొవ్వొత్తి మైనం తేనెటీగ పెట్టినది కాదని ఇప్పుడు పిల్లలకూ తెలుసు. ఖచ్చితం కావాలంటే మొదటిసారి 'పారాఫిన్ మైనం' అని రాసి, ఆ తర్వాత మైనం అనండి. పారాఫిన్ అన్న పేరు 1830లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రైకెన్‌బాక్ పెట్టినది. 'చుట్టరికం తక్కువది' అని దాని లాటిన్ అర్థం. నీటితో అది అసలే కలవదు కనుకనే మీరు కణజాలంలోని నీటిని ఆల్కహాలుతో తీసేసి, జైలీన్‌ను మధ్యవర్తిగా పెట్టుకోవలసి వస్తోంది.

'సూక్ష్మఛేదని' కట్టిన విద్యార్థిని నిరుత్సాహపరచకండి. సమాసం నిర్దుష్టంగా ఉంది, పరీక్షలో మార్కులు వేయవచ్చు. గోడ మీదా, అర్జీలోనూ మాత్రం 'మైక్రోటోమ్' అనే ఉండనివ్వండి. 'సూక్ష్మఛేదని ఒకటి' అని ఇండెంటు పెడితే, స్టోర్సు వారు ఏ వస్తువు పంపుతారో నేను పూచీ పడలేను.