రాయి తగిలిందా, చేప తగిలిందా?

ప్రశ్న: మా తాతయ్య ఓడల్లో పనిచేసేవారు. అమెరికాలో పోర్ట్‌లాండ్ రేవుకు వెళ్లినప్పుడు అక్కడి పెద్దవాళ్లు స్టీల్‌హెడ్ అనే చేపను గాలంతో పట్టడం చూశారట. గాలం దారానికి కట్టిన సీసం ముక్క నది అడుగున రాళ్లకు టక్ టక్‌మని తగులుతూ ఉండి ఆగిందంటే చేప పడినట్టే అనేవారు. అదెలా తెలుస్తుంది? మన ఫిషింగ్ హార్బర్‌లో దొరికే ఇండియన్ సాల్మన్ కూడా ఆ జాతేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తాతగారు చెప్పింది నిజమేనమ్మా. దాన్ని డ్రిఫ్ట్ ఫిషింగ్ అంటారు. గాలానికి సాల్మన్ జన గుచ్చి, కాస్త పైన చిన్న సీసం ముక్క కట్టి, ప్రవాహానికి అడ్డంగా కొంచెం ఎగువకు విసురుతారు. నీళ్లు లాక్కుపోతుంటే సీసం రాయి రాయికీ తగులుతూ పోవాలి. బరువెక్కువైతే రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, తక్కువైతే ఎర, అడుగునున్న చేప మీదుగా పోతుంది, అందుకే నీటి వేగాన్ని బట్టి సీసాన్ని కత్తిరించుకునేవాళ్లు. ఆ టక్ టక్ తెలిసేది దారం ఆనించిన చూపుడు వేలికి. పెదజాలరిపేటలో చేతి గాలం వేసేవాళ్లను అడగండి, వెంటనే ఒప్పుకుంటారు. స్టీల్‌హెడ్ చాలాసార్లు గట్టిగా లాగదు, ఎర నోట్లో పెట్టుకుని ఊరికే ఆగుతుంది. అప్పుడే కర్ర ఎత్తాలి, క్షణం ఆలస్యమైతే ఉమ్మేస్తుంది. నీళ్లు బురదగా ఉంటే మాత్రం బరువైన సీసంతో ఎరను ఒకేచోట నిలిపి, కర్రకు గంట కట్టి ఒడ్డున కూర్చునేవాళ్లు.

ఇంతకంటే ఎంతో పాతది అక్కడి మూలవాసుల పద్ధతి. కొలంబియా నది మీద సెలైలో జలపాతం దగ్గర కొయ్య మంచెలెక్కి, పొడవాటి కర్రలకు కట్టిన వలలతో సాల్మన్‌ను ఎత్తేవాళ్లు. తర్వాతి కాలంలో వచ్చిన, ప్రవాహంతో తిరుగుతూ చేపల్ని తోడేసే చక్రాలను ఆరెగన్ రాష్ట్రం 1926లో, వాషింగ్టన్ రాష్ట్రం 1934లో నిషేధించాయి, అది మంచి పనే. కానీ 1957లో డాలెస్ డ్యామ్ కట్టడంతో జలపాతమే మునిగిపోయింది. వేల ఏళ్లుగా చేపలు పట్టిన చోటు అది, తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఊరుకోదు.

ఇక ఇండియన్ సాల్మన్ అంటే మన మాగ, దాని కుటుంబమే వేరు. స్టీల్‌హెడ్ అసలు రెయిన్‌బో ట్రౌటే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి గోదావరి పులసలా నదికి ఎదురెక్కుతుంది. పసిఫిక్ సాల్మన్‌లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి, స్టీల్‌హెడ్‌లలో కొన్ని మాత్రం సముద్రానికి పోయి మళ్లీ వస్తాయి.