చెల్లించడమా, సమర్పించడమా?

సందేహం: పన్నుల గురించిన ఒక వ్యాసంలో ‘సీజర్‌వి సీజర్‌కు, దేవుడివి దేవుడికి ఇచ్చేయాలి’ అని చదివాను. మా ఇంట్లోని పాత బైబిల్లో ఇదే మాట ‘కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని చెల్లించుడి’ అని ఉంది. రాజుకైతే చెల్లిస్తాం, దేవుడికి సమర్పించాలి గాని చెల్లించడమేమిటి? ఇది అనువాద దోషమా? – ఒక పాఠకురాలు

సమాధానం: దోషం కాదు సరికదా, ఆ వాక్యం ప్రాణమంతా ఆ క్రియలోనే ఉంది. మత్తయి సువార్త 22వ అధ్యాయంలో యేసును ఇరకాటంలో పెట్టవచ్చినవారు కైసరుకు, అంటే రోము చక్రవర్తికి, ‘పన్నిచ్చుట’ న్యాయమా కాదా అని అడుగుతారు. ఆయన జవాబులో ‘ఇచ్చుట’ పోయి ‘చెల్లించుట’ వస్తుంది. గ్రీకు మూలంలోనూ ప్రశ్నలో ఉన్నది వట్టి ఇవ్వడం, జవాబులో ఉన్నది ఎవరిది వారికి తిరిగి ఇవ్వడం. ఈ తేడాను మన పాత అనువాదకులు పట్టుకున్నారు. నేటి వ్యాసకర్త ‘ఇచ్చేయాలి’ అని చేతులు దులుపుకున్నాడు.

‘చెల్లు’ చాలా పాత ద్రావిడ ధాతువు. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు, ‘సెలుత్తు’ అంటే చెల్లించు. కన్నడంలో సల్లు, సల్లిసు. తెలుగులో వెళ్ళడమనే అర్థం వెనకబడి, చేరవలసినచోటికి చేరడం, ఒప్పుదల పొందడం అనే అర్థాలు ముందుకొచ్చాయి. నాణెం చెల్లుతుంది, అధికారి మాట చెల్లుతుంది, కాలం చెల్లిపోతుంది, బాకీ తీరితే చెల్లుచీటి రాసిస్తారు. (‘చలామణి’ దీని చుట్టం కాదు, అది హిందీ, మరాఠీల వైపునుంచి వచ్చింది.) మనం శిస్తూ చెల్లిస్తాం, మొక్కూ చెల్లిస్తాం. మొక్కు ముందుగా మాట ఇచ్చి నెత్తికెత్తుకున్న బాకీ కనుక, అక్కడ మన పల్లెల్లో ఎవరూ సమర్పణ అనరు. రాజుకూ దేవుడికీ కలిపి ఒకే క్రియ కావలసివచ్చినప్పుడు ఇంతకంటె తగినది దొరకదు.

ఆ సన్నివేశంలో యేసు పన్ను నాణెం చూపమంటే వారు తెచ్చిన దేనారం (రోమను వెండి నాణెం) అప్పటి చక్రవర్తి తిబెరి కైసరుదని సాధారణంగా చెబుతారు. ఆ నాణెంపై ‘దివ్యుడైన అగస్టసు కుమారుడు’ అనే పైవ్రాత ఉండేది. అంటే ఎవరి నాణెం చెల్లాలన్న ప్రశ్నలోనే ఎవరు దేవుడన్న పేచీ కూడా ఇమిడి ఉంది. ఆ కైసర్లే క్రైస్తవులయ్యాక పేచీ ఇంకా ముదిరింది. 380లో నైసియా సభ నిర్ణయించిన క్రైస్తవ విశ్వాసాన్ని సామ్రాజ్య మతంగా శాసించిన రోము చక్రవర్తి థియొడోసియసే, థెస్సలొనీకలో తన ఆజ్ఞపై జరిగిన ఊచకోతకు 390లో మిలాను బిషప్పు ఆంబ్రోసు నిలదీయగా, బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేసుకోవలసివచ్చింది. బిషప్పులను ఎవరు నియమించాలన్న పేచీలో, 1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగవ హెన్రీ ఇటలీలోని కనోసా కోట ముందు మంచులో మూడు రోజులు నిలబడి ఏడవ గ్రెగరీ పోపు క్షమాపణ పొందాడు. పోపు మాట చెల్లిందనుకుంటే, 1084లో అదే హెన్రీ రోమును పట్టుకున్నాడు, మరుసటి ఏడు గ్రెగరీ సలెర్నోలో ప్రవాసంలో పోయాడు.

పాఠకురాలు అడిగిన వాక్యాన్ని వస్తువుల రూపంలో చూడదలిస్తే ఆ పేచీపై పోపుకూ చక్రవర్తికీ మధ్య 1122లో కుదిరిన వోర్మ్స్ ఒడంబడికను చూడాలి. బిషప్పుకు ఆధ్యాత్మికాధికారానికి గుర్తులైన ఉంగరాన్నీ చేతికర్రనూ ఇచ్చే హక్కును చక్రవర్తి వదులుకున్నాడు. భూములకూ లౌకికాధికారాలకూ గుర్తుగా రాజదండంతో తాకే హక్కును మాత్రం ఉంచుకున్నాడు. రెండు పక్షాలూ రాసుకున్న చెల్లుచీటి వంటిదది, అయినా ఖాతా మూతపడలేదు. 1534లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ తమ దేశపు క్రైస్తవ సంఘానికి తానే శిరస్సునని చట్టం చేయించుకుని రెండు పద్దులనూ తన పేరనే రాసుకున్నాడు.

ఇక ‘కైసరు’ సంగతి. లాటిను ఉచ్చారణకు ఇదే దగ్గర; ‘సీజర్’ ఇంగ్లీషువారి నోట అరిగిన రూపం. బైబిలు వాక్యాన్ని ఎత్తి రాసేటప్పుడైనా కైసరునే ఉంచడం మర్యాద. రష్యావారి ‘జార్’ కూడా ఈ మాటే. దాన్ని మనవారు ఉకారాంతం చేయకపోవడానికి ‘జారు’ అంటే కలిగే తలపులే కారణమేమో.

ప్రార్థనల్లో, కానుకల సందర్భంలో ‘సమర్పించు’ నిక్షేపంగా వాడవచ్చు. ఈ వాక్యంలో మాత్రం కైసరుకు ఒకటి, దేవుడికి మరొకటి అని క్రియను విడదీస్తే భక్తి పెరుగుతుందేమో గాని, జవాబులోని పదును పోతుంది. పన్నులను ‘పే చేయండి’ అని రాసేవారికి ఏ క్రియను సూచించాలో నాకు తోచడం లేదు.