డాక్టర్ సలహా: కారణం లేకుండా ఏడుపు వస్తోంది.. ఎవరితో చెప్పుకోవాలి?

ప్రశ్న: నా వయసు 27. పుట్టిల్లు టెక్కలి దగ్గర పల్లె. పెళ్లయి ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చాను. ఇంట్లో ఏ లోటూ లేదు, మా ఆయన మంచివారు. అయినా కొన్ని నెలలుగా మనసు బరువుగా ఉంటోంది. వంట చేస్తూ చేస్తూనే కళ్ల నీళ్లు వచ్చేస్తాయి. ఎందుకంటే చెప్పడానికి కారణం ఉండదు. వీధిలో ఎవరు పలకరించినా ఒడియాలో ‘భొలొ అచ్ఛి’ (బాగున్నాను) అనేస్తాను. అమ్మ ఫోన్ చేసినా ‘బాగానే ఉన్నా’ అనే వస్తుంది నోట. నిద్ర పట్టక పక్కింటి వదిన ఇచ్చిన చిన్న మాత్ర రాత్రిళ్లు సగం వేసుకుంటున్నాను, రెండు నెలలైంది. కొంచెం నయం. జుట్టు బాగా రాలుతోంది. పాపకు ఏడో నెల, పాలిస్తున్నాను. మనసు విప్పి మాట్లాడటం ఎలాగో చెప్పగలరు.
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీరు అడిగిన దానికి వస్తాను. ముందు ఉత్తరం చివర్లో మీరు మామూలుగా రాసేసిన రెండు సంగతులు మాట్లాడాలి. ఒకటి ఆ సగం మాత్ర. రెండోది ఏడో నెల పాప.

మాత్ర పేరు మీరు రాయలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ‘చిన్న మాత్రండీ, సగమే’ అన్నప్పుడు చాలాసార్లు అది అల్ప్రాజొలామ్ అయి ఉంటుంది. టెన్షన్‌కి, నిద్రకి కొద్ది రోజుల కోసం రాసే మందు అది. షెడ్యూల్ హెచ్1లో ఉంది. అంటే షాపులో చీటీ చూడకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మీ పేరు ఏ రిజిస్టర్‌లో ఉందమ్మా? పంచదార అడిగి తెచ్చుకున్నట్టు మాత్రలు తెచ్చుకోవడం మన వీధుల్లో మామూలైపోయింది. వదినగారు ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. ఆవిడ పాలిచ్చే తల్లి కాదు, మీరు అవును.

ఈ రకం మందులు పాలలోకి కొంత వెళ్తాయి. పాప మత్తుగా పడుకోవడం, సరిగా పాలు తాగకపోవడం ఉంటే వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. నన్ను ఇంకా భయపెట్టేది వేరే ఉంది. మాత్ర వేసుకున్న తల్లి గాఢనిద్రలో పక్కకు దొర్లితే పక్కలో ఉన్న బిడ్డకు ఊపిరాడదు. డాక్టర్‌ని కలిసేదాకా రాత్రిళ్లు పాపను అదే గదిలో వేరే పక్క మీద గానీ ఊయలలో గానీ పడుకోబెట్టండి. పాలకు లేచినప్పుడు మీ ఆయననో అత్తగారినో దగ్గరుండమనండి.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రెండు నెలలు రోజూ వేసుకున్నది ఒక్కసారిగా ఆపితే వణుకు, గుండె దడ, అసలు నిద్రే లేకపోవడం, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి, అది డాక్టర్ చేయించాల్సిన పని. ఈ లోపు సగాన్ని ఒకటి మాత్రం చేయకండి.

ఇక ‘కారణం లేదు’ అన్నారు. మీరు బాలింత. కాన్పయిన మొదటి వారంలో వచ్చే ఏడుపు సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. నెలల తరబడి ఉండే దిగులు వేరు. ప్రసవం తర్వాతి డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, అత్తింటివాళ్లు మంచివాళ్లయినా రావచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. అందులో తేలింది దాదాపు 22 శాతం తల్లులకు ఈ బాధ ఉందని. టీకాకి వెళ్లినప్పుడు పాపను తూకం వేస్తారు గానీ తల్లిని ‘నువ్వెలా ఉన్నావు’ అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మా డాక్టర్ల తప్పు కూడా ఉంది ఇందులో.

మిమ్మల్ని చూడకుండా జబ్బుకు పేరు పెట్టలేను. థైరాయిడ్ కూడా చూడాలి. కాన్పయిన నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య కొందరికి అది మందగిస్తుంది, దిగులూ నీరసమూ తెస్తుంది. జుట్టు ఆ కారణం లేకపోయినా కాన్పు తర్వాత కొన్నాళ్లు రాలుతుంది. రక్తం తక్కువైందేమో కూడా చూడాలి. పథ్యం పేరుతో నెలల తరబడి పప్పు, ఆకుకూర మాన్పించే ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి. కాన్పు తర్వాత 180 రోజులు ఇచ్చే ఐరన్ మాత్రలు మీరు పూర్తిగా వాడారా? థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తం కోసం హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తేడా తేలినా డిప్రెషన్ లేదని కాదు, రెండూ కలిసి ఉండొచ్చు.

దిష్టి తీయించి ఉంటారు. తీయించుకోండి, ఉప్పు మిరపకాయలకు సైడ్ ఎఫెక్ట్ లేదు. దాని కోసం ఇంకో అమావాస్య దాకా ఆగకండి, అంతే.

డిప్రెషన్‌కి మందు అవసరమైతే పాలిస్తూ వాడగలిగినవి ఉన్నాయి. సెర్ట్రాలిన్ లాంటివి. గుణం తెలియడానికి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పేరు రాశాను కదా అని షాపుకి వెళ్లకండి, మోతాదు మనిషిని చూసి రాసేది.

మనసు విప్పడం గురించి. డాక్టర్ దగ్గర కథ చెప్పక్కర్లేదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, ఏడుపు రోజుకి ఎన్నిసార్లు, ఎన్నాళ్ల నుంచి.. ఇవి కాగితం మీద తెలుగులో రాసి చేతికివ్వండి. ఇంట్లో కూడా కారణం వెతికి చెప్పే పని పెట్టుకోకండి. జ్వరం వస్తే కారణం చెప్పాకే ఆసుపత్రికి తీసుకెళ్తారా? ‘నాకు రోజూ ఏడుపు వస్తోంది, చూపించుకోవాలి’ అని మీ ఆయనతో అనండి. నోరు రాకపోతే నాకు రాసిన ఉత్తరమే ఫోన్‌లో చూపించండి. అందులో అన్నీ ఉన్నాయి.

మీ ఊళ్లోని జిల్లా ఆసుపత్రిలో మొదట అడగండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ (మానసిక వైద్యం) విభాగం ఉంది. ఒడియాలో బాధ చెప్పుకోవడం కష్టమనిపిస్తే శ్రీకాకుళం వెళ్లండి. ఇవేవీ ఈ వారం కుదరకపోతే టెలిమానస్ నంబర్ 14416కి చేయండి. మనసు బాధల కోసం ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ ఇది, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి.

బతకాలని లేదనిపించినా, పాపకు ఏమైనా చేసేస్తానేమో అనిపించినా, లేని మాటలు వినిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఇంట్లో ఒకరిని పక్కనే ఉంచుకుని ఆ రోజే ఆసుపత్రికి రండి, 108కి చేయండి.

వెళ్లేటప్పుడు పాప టీకా కార్డు, రిపోర్టులు పట్టుకెళ్లండి. వదినగారి దగ్గర ఆ మాత్రల స్ట్రిప్ అడిగి తీసుకోండి, ఖాళీదైనా సరే. దాని మీద పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది డాక్టర్ చూడాలి.