ఇంజనీరు సెట్టింగులు, మన గొంతు

ప్రశ్న: అనుభవమున్న సౌండ్ ఇంజనీర్ల వీడియో పాఠాలు చూసి కంప్రెసర్‌లో అచ్చం వాళ్ల అంకెలే పెడుతున్నాను. నా గొంతు మాత్రం నలిగిపోయినట్టు వస్తోంది. వాళ్లు వాడే ప్లగిన్లన్నీ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఒకే జిప్‌లో ఉచితంగా దొరికాయి కానీ, యాంటీవైరస్ ఆపితేనే ఇన్‌స్టాల్ అవుతుందట. ఆపొచ్చా?

జవాబు: ఆపొద్దు. ఆ జిప్ సంగతి తర్వాత చెబుతాను. అంకెల గొడవ మీ ఒక్కరిదే కాదు, ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది.

కంప్రెసర్ పని గట్టిగా వచ్చే శబ్దాన్ని తగ్గించడం. ఎంత దాటితే తగ్గించాలో చెప్పేది థ్రెషోల్డ్, ఆ అంకెకు సొంతంగా అర్థం లేదు. ఇంజనీరు మైనస్ 18 దగ్గర పెట్టాడు (మీటరులో సున్నాయే గరిష్ఠం), రేషియో 4:1, అంటే దాటిన ప్రతి 4 డెసిబెల్స్ (డీబీ)కీ 1 మాత్రమే బయటికొస్తుంది. ఆయన ట్రాక్‌లో గట్టి పదాలు మైనస్ 10 దాకా వెళ్తున్నాయనుకోండి. అంటే థ్రెషోల్డ్ దాటింది 8 డీబీ, బయటికొచ్చేది 2, తగ్గింది 6. మీరేమో మైనస్ 2 దాకా నింపి రికార్డు చేశారు. దాటింది 16, తగ్గింది 12. నలగక ఏమవుతుంది?

పాఠంలో నాబ్ చూడకండి, ఎంత తగ్గిందో చూపే గెయిన్ రిడక్షన్ మీటరు చూడండి. గట్టి పదం దగ్గర ముల్లు ఎంత కదిలింది, తర్వాతి పదానికల్లా వెనక్కి వచ్చిందా? మీ థ్రెషోల్డును అదే కదలిక వచ్చేదాకా జరపండి. అటాక్ (తగ్గింపు అమల్లోకి రావడానికి పట్టే సమయం) 1 మిల్లీసెకను పెడితే హల్లుల పదును పోతుంది. 10 నుంచి 30 మధ్య మొదలుపెట్టండి. ఆ తర్వాత బైపాస్ నొక్కి, అంటే కంప్రెసర్ లేకుండా విని, పోల్చే ముందు రెండింటి వాల్యూమూ సమం చేయండి. లేదంటే పెద్దగా వినిపించేదే బాగుందనిపిస్తుంది. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు మీటరు నింపాల్సిన పనే లేదు, పీకులు (అన్నిటికంటే గట్టి చోట్లు) మైనస్ 10 దగ్గర ఉంటే చాలు. మైకుకు గాయకుడు ఎంత దూరంలో ఉన్నాడో చూపించకుండా నేరుగా ప్లగిన్లలోకి దూకే పాఠం, నా లెక్కలో, సగం పాఠమే.

ఇక జిప్. 2019లో ఈసెట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు లౌడ్‌మైనర్ అనే మాల్వేర్‌ను బయటపెట్టారు. అది దాక్కున్నది క్రాక్ చేసిన (లైసెన్స్ తాళం పగలగొట్టిన) వీఎస్‌టీ రకం ప్లగిన్లలోనే, విండోస్‌కూ మ్యాక్‌కూ. కంప్యూటరులో గుట్టుగా ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు) నడిపి క్రిప్టో నాణేలు తవ్వుకునేది. మ్యూజిక్ మెషీన్‌లో సీపీయూ ఎప్పుడూ వేడెక్కే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అది కూడా కాదు, మీ లాగిన్‌ను గుర్తుంచుకునే బ్రౌజర్ కుకీలు ఎత్తుకెళ్లే రకం. లాగిన్ అయి ఉన్న సెషనే చేజిక్కితే దొంగకు మీ పాస్‌వర్డుతోనూ ఓటీపీతోనూ పనిలేదు.

అసలు ప్లగిన్లు అమ్మేవాళ్లకూ ఇందులో పాపం ఉంది. స్వరం బరువూ పదునూ సరిచేసే ఒక్క ఈక్యూ కోసం అడ్మిన్ అనుమతి, ఎప్పుడూ నడుస్తుండే లైసెన్స్ మేనేజరు, వారానికో అప్‌డేట్! ఏది అడిగినా ‘ఎస్’ నొక్కే అలవాటు నేర్పింది వీళ్లే.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని ఖాతాల్లో ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ నొక్కండి. రికార్డింగుల వేవ్ (శబ్దం), మిడి (వాయించిన స్వరాల వివరాలు) ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేయండి. ప్లగిన్ల ఫోల్డరును బ్యాకప్‌లోకి రానివ్వకండి. తర్వాత మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన కంప్రెసరే తెరవండి. పైన చెప్పిన 6 డీబీ పని అదీ చేస్తుంది.